సభలకు ముందు లెక్కల పుస్తకం

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామంలో వందనాలు. మాది ఒక చిన్న పట్టణంలో వందేళ్లు దాటిన సంఘం. నేను కోడలిగా వచ్చిన కొత్తలో మామూలు ఆదివారం కూడా ఆలస్యంగా వచ్చినవాళ్లు వరండాలో నిలబడేవాళ్లు. ఇప్పుడు యాభై మంది వస్తే ఎక్కువ. పాస్టరేట్ కమిటీ ఎన్నికల్లో మొదలైన గొడవతో సంఘం రెండు వర్గాలైంది. కాంపౌండులో రోడ్డు వైపు కట్టిన షాపుల అద్దెల మీద కోర్టులో కేసు నడుస్తోంది. వెనక పేట కుటుంబాలు ఒక్కొక్కటే రావడం మానేసి, అక్కడే రేకుల షెడ్డు వేసుకుని ఆరాధన చేసుకుంటున్నాయి. పిల్లలు బైపాస్ పక్కనున్న కొత్త సంఘానికి పోతున్నారు. ఈ మధ్య వచ్చిన పాస్టరుగారు బయటినుంచి ప్రసంగీకుణ్ణి పిలిచి మూడు రోజులు ఉజ్జీవ సభలు పెడదాం, ఆఖరి రోజు సంఘమంతా ఉపవాసముండి మోకరించి పశ్చాత్తాపపడదాం అంటున్నారు. నేను స్త్రీల సమాజం సెక్రటరీని. చనిపోయిన మా మామగారు ఆ షాపులు కట్టినప్పుడు ట్రెజరరు. అప్పటి రసీదు పుస్తకాలు, మినిట్స్ పుస్తకం మా బీరువాలోనే ఉన్నాయి. "వాటి జోలికి పోకు, నాన్న పేరు బజారున పడుతుంది" అంటారు మావారు. నేను చేయని తప్పుకు నేనెందుకు ఏడవాలి? సంఘమంతా కలిసి పశ్చాత్తాపపడడం అసలు బైబిల్లో ఉందా? ఈ సభలతో మా సంఘం బాగుపడుతుందా? ఇట్లు, ఒక సహోదరి.

సమాధానం: అమ్మా, మీ మూడో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. పాస్టరుగారు ఫ్లెక్సీకి ఆర్డరు ఇచ్చేలోపు మీకు కావలసింది అదే. సభలు వద్దని నేననను. ఇప్పుడే వద్దంటాను.

ఉజ్జీవ సభల ఆఖరి రాత్రి ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. ప్రసంగీకుడు గొంతు పెంచుతాడు, కీబోర్డు సన్నగా మోగుతూ ఉంటుంది, ఒకరు ఏడవడం మొదలుపెడితే పక్కవాళ్లకూ కన్నీళ్లొస్తాయి. అవి దొంగ కన్నీళ్లని నేననడం లేదు. కానీ ఆ రాత్రి అందరి నోటా వచ్చే ప్రార్థన ఒకటే: ప్రభువా, మేమంతా పాపులం, మమ్మల్ని క్షమించు. అద్దెలు మింగినవాడూ ఆ మాటే అంటాడు, ఆ అద్దెల సంగతే తెలియక వెనక బల్ల మీద కూర్చున్న ముసలమ్మా ఆ మాటే అంటుంది. ఇద్దరూ ఒకే మాటతో ఇంటికి వెళ్తారు. సోమవారం పొద్దున తాళంచెవులు నిన్న ఎవరి జేబులో ఉన్నాయో వాళ్ల జేబులోనే ఉంటాయి. ఇలాంటి ప్రార్థన సంఘంలో దాక్కోవడానికి అన్నిటికంటే సుఖమైన చోటు.

ఇక సంఘమంతా కలిసి పశ్చాత్తాపపడడం బైబిల్లో ఉందా అన్నారు. ఉంది. ప్రకటన గ్రంథం రెండు, మూడు అధ్యాయాల్లోని ఏడు ఉత్తరాలు తీయండి. ఎఫెసు, పెర్గము, తుయతైర, సార్దీస్, లవొదికయ, ఈ ఐదింటిలో మారుమనస్సు పొందమన్న మాట వినిపిస్తుంది. ఎఫెసులో మొదటి ప్రేమను వదిలింది ఎవరో ఒక్క మనిషి కాదు, సంఘం. మిగిలిన రెండూ స్ముర్న, ఫిలదెల్ఫియ. వాటికి మందలింపు లేదు. స్ముర్న పేద సంఘం. ఫిలదెల్ఫియకు ఉన్న శక్తి కొంచెమే. నాకేమీ కొదవలేదు అనుకున్నది లవొదికయ. అందుకని మీ గుడిలో యాభై మందే మిగలడం దానంతటది పాపం కాదు, దానికి సిగ్గుపడనవసరం లేదు. బల్లలు నిండడానికి పశ్చాత్తాపాన్ని ఒక ఉపాయంగా వాడుకుంటే, ప్రసంగీకుడు బస్సెక్కాక మళ్లీ ఆ యాభై మందే ఉంటారు, ఈసారి ఇంకాస్త అలసిపోయి.

చేయని తప్పుకు ఎందుకు ఏడవాలన్న ప్రశ్న ఉంది చూశారూ, దానికి నాకు తెలిసిన మంచి జవాబు నెహెమ్యా. ఆయన షూషను కోటలో పారసీక రాజుకు పానపాత్ర అందించే ఉద్యోగి. యెరూషలేము కూలిపోయి అప్పటికి దాదాపు 140 ఏళ్లు. ఆయన పుట్టకముందే జరిగిపోయిన పాపమది. అయినా మొదటి అధ్యాయంలో ప్రార్థన చేస్తూ నేనూ నా తండ్రి ఇంటివారూ పాపం చేశామంటాడు. చాలామంది దీన్ని వినయం కింద జమకడతారు. నాకలా అనిపించదు. ఆ జనంలో ఆయనకు వాటా ఉంది. ఆస్తిలో వాటా ఉన్నవాడు అప్పులోనూ వాటా మోస్తాడు. మీ పిల్లల బాప్తిస్మాలు ఆ గుడిలోనే జరిగాయి. ఆ వందేళ్ల పేరు మీది కూడా. పేటవాళ్లను వెనక బల్లలకు పరిమితం చేసిన ఏళ్లూ ఆ వందేళ్లలోవే. మీరు దోషి అని కాదు, జవాబు చెప్పవలసినవాళ్లలో ఒకరు. దోషి ఏడవాలి. జవాబు చెప్పవలసినవాళ్లు లేచి పని చూసుకోవాలి. ఏడుపు రావడం లేదని మీరు కొంచెం మథనపడుతున్నట్టు ఉత్తరంలో కనిపించింది. రాకపోతే రాకపోనివ్వండి.

నెహెమ్యా గ్రంథం మీద మన దగ్గర ప్రసంగాలకు కొదవ లేదు. ఆయన యెరూషలేముకు వెళ్లి కట్టించిన గోడ యాభై రెండు రోజుల్లో ఎలా లేచిందో చెబుతారు, ఒక చేత్తో పని, ఇంకో చేత్తో ఆయుధం అంటారు. కొత్త గుడికి చందాలెత్తే రోజుల్లో మరీనూ. ఉపవాస ప్రార్థనలైతే తొమ్మిదో అధ్యాయం: ఏడో నెల ఇరవై నాలుగో రోజున జనం గోనెపట్టలు కట్టుకుని, తలల మీద దుమ్ము పోసుకుని, ఒక జాము ధర్మశాస్త్రం విని ఇంకో జాము పాపాలు ఒప్పుకున్నారు. పాస్టరుగారి మనసులో ఉన్నదీ ఆ దృశ్యమే అయ్యుంటుంది. ఆ గోడకూ ఈ గోనెపట్టకూ మధ్య ఐదో అధ్యాయం ఉంది. దాని మీద ప్రసంగం మీరెప్పుడైనా విన్నారా?

ఐదో అధ్యాయంలో బయటి శత్రువుల గొడవ లేదు, ఉన్నది అన్నదమ్ముల గొడవే. కరువులో తిండిగింజల కోసం పేదవాళ్లు పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువ పెట్టారు. రాజుకు పన్ను కట్టడానికి అప్పు తెచ్చారు. కొడుకుల్ని, కూతుళ్లని దాసులుగా అప్పజెప్పారు. అప్పులిచ్చి వడ్డీ పట్టింది సొంత జనంలోని పెద్దలే. బయట గోడ పైకి లేస్తోంది, లోపల ఇదీ సంగతి. నెహెమ్యా మహాసభ పిలిచాడు. పెద్దల్ని నిలదీస్తూనే, నేనూ నా బంధువులూ నా పనివాళ్లూ కూడా అప్పులిస్తున్నామని తన సంగతీ బయటపెట్టాడు. ఈ రోజే వాళ్ల పొలాలు, తోటలు, ఇళ్లు తిరిగివ్వండి, నూటికి ఒక వంతు చొప్పున పుచ్చుకున్నదీ ఇవ్వండి అన్నాడు. ఇస్తామన్నారు. ఆ మాటతో ఆయన ఊరుకోలేదు, యాజకుల్ని పిలిచి ప్రమాణం చేయించాడు. తొమ్మిదో అధ్యాయపు ఒప్పుకోలు ఇదంతా అయ్యాక వచ్చింది. పదో అధ్యాయంలో రాతమూలకంగా నిబంధన చేసుకుని ముద్రలు వేశారు. ఆ జాబితాలో మొదటి పేరు అధికారి నెహెమ్యాది.

కథ అక్కడితో అయిపోలేదు. నెహెమ్యా కొంతకాలం రాజు దగ్గరికి వెళ్లి తిరిగొచ్చేసరికి దేవాలయం గదుల్లో పెద్దదొకటి, గోడ పనికి అడ్డుపడిన టోబీయాకు ఇచ్చేసి ఉన్నారు. ఇచ్చిన యాజకుడికి ఆయన చుట్టరికం. (సంఘం గదిలో బంధువుకు మకాం ఇవ్వడం మన కాంపౌండులు కనిపెట్టిన విద్య కాదన్నమాట.) దేవాలయంలో సేవ చేసే లేవీయులకు రావలసిన భాగాలు అందక వాళ్లు పొలం పనులకు పోయారు. అన్ని కన్నీళ్లూ, అన్ని ముద్రలూ అయ్యాక జరిగిందిది. అప్పుడు నెహెమ్యా మళ్లీ ఉపవాస సభ పెట్టలేదు. ఖజానా మీద ఒక యాజకుణ్ణి, ఒక లేఖకుణ్ణి, ఒక లేవీయుణ్ణి, వాళ్లకు తోడు ఇంకొకర్ని నియమించాడు. నలుగురూ నమ్మకస్థులని పేరున్నవాళ్లు.

అందుకే సభలకు ముందు లెక్కల పుస్తకం తెరవాలంటున్నాను. ఇక మీ బీరువా సంగతి.

ఆ పుస్తకాలు మీవి కావు, మీ మామగారివీ కావు, సంఘానివి. రాత్రిపూట ఒంటరిగా కూర్చుని లెక్కలు తేల్చబోకండి. మీకు దొరికిన తప్పును మర్నాడు స్త్రీల కూటంలో చెప్పబోకండి. ఒక్క కాగితం కూడా తీయవద్దు, దిద్దవద్దు. కేసు కోర్టులో ఉండగా దానికి సంబంధించిన కాగితాలు మాయం చేయడం చట్టం దృష్టిలోనూ నేరమేనని మీవారికి చెప్పండి. ఆయనకూ మీకూ తెలిసిన లాయరును ఒకసారి అడగండి. తర్వాత ఇద్దరూ కలిసి జాబితా రాయండి: ఏ పుస్తకం, ఏ సంవత్సరం, ఎన్ని పేజీలు. జిరాక్సు తీయించి ఉంచుకోండి. పాస్టరుగారి సమక్షంలో, రెండు వర్గాల నుంచి ఒక్కొక్కరు ఉండగా అప్పగించి, ముగ్గురి సంతకాలతో రసీదు తీసుకోండి. ఒకే వర్గం చేతికి మాత్రం ఇవ్వకండి.

మీవారి భయం నాకు అర్థమవుతుంది. తండ్రిని సన్మానించమన్న ఆజ్ఞను ఆయన గట్టిగానే పట్టుకున్నారు. కానీ బీరువాలో దాచిన పుస్తకం ఆయన తండ్రిని కాపాడడం లేదు, ఊళ్లో ఎవరికి తోచింది వాళ్లు అనుకోవడానికి వీలిస్తోంది. తెరిస్తే పెద్దాయన నిజాయితీగా రాసిన పద్దులే బయటపడవచ్చు. అలా కాకుండా తప్పే కనబడితే, ఆ ఇంటి కొడుకు సంఘం ముందు నిలబడి, మా నాన్నగారి హయాంలో ఇది జరిగింది, మా వల్ల అయినంత తీరుస్తాం అని చెప్పగలిగితే, నెహెమ్యా మొదటి అధ్యాయం మీ సంఘంలో మొదటిసారి అర్థమవుతుంది. తీర్చడం అన్న మాట నేను కావాలనే వాడాను. ధర్మశాస్త్రంలో సంఖ్యాకాండం ఐదో అధ్యాయం పాపం ఒప్పుకోవడాన్నీ, నష్టపోయినవాడికి అసలు మీద ఐదో వంతు కలిపి ఇవ్వడాన్నీ ఒకే వాక్యంలో చెబుతుంది. సువార్తలో సుంకరి జక్కయ్య నాలుగంతలు అన్నాడు. అంత మొత్తం మీకు తాహతు లేకపోవచ్చు. ఎంత కుదిరితే అంత, కానీ అంకె పలకాలి.

డబ్బు కంటే బరువైంది పేట సంగతి. మీరు పేట పేరు రాయలేదు, రాయనక్కర్లేదు కూడా. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ భారత ఐక్య సంఘంవాళ్లు కలిసి ఒకే సంఘం (సి.ఎస్.ఐ.) అయ్యారని మనం ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. గొప్పే. ఇన్ని మిషన్లను ఒకటి చేసుకోగలిగిన తెలుగు క్రైస్తవులం చాలా ఊళ్లలో రెండు పేటల్ని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టలేకపోయాం. ప్రభురాత్రి భోజనానికి ముందు అయోగ్యంగా తినకూడదని హెచ్చరిక చదువుకుంటాం. పౌలు కొరింథువాళ్లతో ఆ మాట ఎందుకన్నాడు? కలిగినవాళ్లు ముందే కడుపునిండా తిని, లేనివాళ్లను ఆకలితో ఉంచారు గనుక.

ఆ రేకుల షెడ్డుకు మీ సంఘం నుంచి ఇంతవరకు ఎవరైనా వెళ్లారా? వెళితే తిరిగి రమ్మని పిలవడానికి వెళ్లవద్దు. మీ సంఖ్య పెంచుకోవడానికి వచ్చారనుకుంటారు, సగం నిజమే కూడా. ఇద్దరో ముగ్గురో వెళ్లి వెనక కూర్చుని ఆరాధన చేసుకుని, తర్వాత ఏం జరిగిందో చెప్పమని అడగండి. మధ్యలో అడ్డుపడకండి. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఆ తర్వాత అడగకుండానే చేయగల పనులున్నాయి. మానేసినవాళ్లన్న పేరుతో బాప్తిస్మపు రిజిస్టరు నకళ్లు, పెళ్లి కాగితాలు ఇవ్వకుండా తిప్పుతుంటే వెంటనే ఇప్పించండి. చావు జరిగిన ఇంటివాళ్లను బాకీ చందాలు కడితేనే సమాధుల తోటలో చోటు అనే అలవాటు ఉంటే, కమిటీ తీర్మానం చేసి దాన్ని ఎత్తేయండి. ఇవి వాళ్ల హక్కులు, మీరు చేసే దయ కాదు.

క్షమాపణ అడిగినంత మాత్రాన వాళ్లు అప్పటికప్పుడు క్షమించేయాలని కూడా ఎదురుచూడకండి. 1990 నవంబరులో దక్షిణాఫ్రికాలోని రస్టెన్‌బర్గ్‌లో చర్చీల సమావేశం జరిగింది. వర్ణవివక్షకు వాక్యాధారాలు చూపించిన డచ్ రిఫార్మ్‌డ్ చర్చి నుంచి విల్లీ యోంకర్ అనే వేదాంత ఆచార్యుడు లేచి, ముందు తన పాపాన్నీ తర్వాత తన సంఘం పాపాన్నీ ఒప్పుకున్నాడు. నల్లజాతి ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ ఆ ఒప్పుకోలును అంగీకరించాడు. నల్లజాతి ప్రతినిధుల్లో కొందరికి అది మింగుడుపడలేదు. మా అందరి తరఫునా ఒక్కడే క్షమించడమేమిటన్నది వాళ్ల బాధ. నాకు టూటూ మీదా, వాళ్ల మీదా గౌరవమే. ఒప్పుకోలు మీ చేతిలో పని. క్షమాపణ ఎప్పుడు ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో వాళ్ల చేతిలో పని.

ఇల్లిల్లూ తిరగడమంటే మీ పాస్టరుగారికి చిన్న పనిగా అనిపిస్తే హెర్న్‌హూట్ సంగతి గుర్తుచేయండి. ఆయనకు తెలిసే ఉంటుంది. జర్మనీలోని సాక్సనీలో కౌంట్ జిన్‌జెన్‌డార్ఫ్ అనే జమీందారు భూమి మీద మొరేవియా నుంచి హింస తప్పించుకుని వచ్చినవాళ్లు 1722లో ఆ ఊరు కట్టుకోవడం మొదలుపెట్టారు. ఐదేళ్లకే ఒకరి మొహం ఒకరు చూసుకోలేనంత తగాదాలు. ఆయన డ్రెస్డెన్‌లో ఉద్యోగం పక్కనపెట్టి వచ్చి ఇంటింటికీ వెళ్లి కూర్చుని మాట్లాడాడు. 1727 మే 12న ఎలా కలిసి బతకాలో రాసుకుని ఒప్పందం చేసుకున్నారు. ఆగస్టు 13న పక్కనున్న బెర్తెల్స్‌డార్ఫ్ గుడిలో ప్రభురాత్రి భోజనం దగ్గర జరిగింది ఉజ్జీవంగా చరిత్రకెక్కింది. మన ప్రసంగీకులకు ఆగస్టు బాగా గుర్తు. నూరేళ్లు సాగిన ప్రార్థన గొలుసూ, 1732లో బయల్దేరిన మిషనరీలూ గుర్తు. మే నెలలో ఆ పెద్దమనిషి ఎన్ని గుమ్మాలు ఎక్కిదిగాడో చెప్పేవాళ్లు తక్కువ.

అప్పటికి గానీ ఆ ఆఖరి రోజు ఒప్పుకోలు మాట రాదు. వచ్చినప్పుడు దాన్ని కాగితం మీద రాసి చదవండి, అప్పటికప్పుడు నోటికొచ్చినట్టు వద్దు. 1945 అక్టోబరులో జర్మన్ ప్రొటెస్టెంట్ నాయకులు స్టుట్‌గార్ట్‌లో నాజీల కాలంలోని తమ దోషాన్ని ఒప్పుకున్నారు. ఇంకా ధైర్యంగా సాక్ష్యమివ్వలేదని, ఇంకా నమ్మకంగా ప్రార్థించలేదని తమ మీద తామే నేరం మోపుకున్నారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు, సొంత జనమే వాళ్లను తిట్టిపోశారు. అయినా అందులో యూదుల ప్రస్తావనే లేదు. ఆ మాట 1950లో బెర్లిన్ వైసెన్‌సేలో జరిగిన సినడ్‌లో (సంఘ ప్రతినిధుల సభలో) గానీ రాలేదు. మీ కాగితంలో అలాంటి ఖాళీ ఉండకూడదు. షాపుల అద్దెల లెక్క ఫలానా సంవత్సరం నుంచి సభ్యులకు చూపలేదు. పేట కుటుంబాల నుంచి ఒక్కరినీ కమిటీలోకి రానివ్వలేదు. సువార్తికుడికి ఇన్ని నెలల జీతం ఎగ్గొట్టాం. ఇలా నిజంగా జరిగినవి మాత్రమే, జరిగినట్టే రాయండి. అవి చదవవలసింది కమిటీవాళ్లు, నిలబడి. యోవేలు రెండో అధ్యాయంలో మంటపానికీ బలిపీఠానికీ మధ్య ఏడవమన్నది యాజకుల్ని. కమిటీ ముఖమే చూడని స్త్రీలను ముందు మోకరింపజేసి, పెద్దలు వేదిక మీద కుర్చీల్లో కూర్చునే పద్ధతి వద్దు. మరో సంగతి: ఉపవాసం రోజున పొద్దంతా పస్తుండి సాయంత్రం అందరికీ వండిపెట్టేది కూడా మీ సమాజంవాళ్లే కదా. ఈసారి వంట మగవాళ్లకు అప్పజెప్పండి.

రెండు జాగ్రత్తలు. లెక్కలు బయటికొచ్చాక యెహోషువ కాలంలో దోపుడు సొమ్ము దాచి పట్టుబడిన ఆకానులా, అందరూ కలిసి ఒక ఆకానును వెతికిపట్టి, వాడి మీద రాళ్లేసి, మిగతావాళ్లం శుద్ధులమనుకునే ప్రమాదం ఉంది. మీ మామగారే ఆ ఆకాను కావచ్చు, చనిపోయినవాడు తిరిగి మాట్లాడడు గనుక. సంతకం చేసినవాళ్లందరి పేర్లూ మినిట్స్‌లో ఉంటాయి, అది గుర్తుపెట్టుకోండి. ఇంకోటి, ఈ తవ్వకంలో ఏ ఆడబిడ్డకో, హాస్టలు పిల్లలకో జరిగిన అన్యాయం బయటపడితే అది ప్రార్థనతో ముగించే విషయం కాదు. పోలీసులకు చెప్పాలి. పిల్లల మీద లైంగిక నేరం తెలిసి దాచడం పోక్సో చట్టం కింద నేరం. అన్యజనుల ముందు వ్యాజ్యమాడవద్దన్న కొరింథు పత్రిక వచనాన్ని అక్కడ ఎవరైనా చదివితే వినకండి.

బైపాస్ పక్కన సంఘానికి పోయిన పిల్లల గురించి నేను పెద్దగా చెప్పేదేమీ లేదు. వాళ్లు అక్కడ ప్రభువును వెదుకుతుంటే వెదకనివ్వండి, ఆ సంఘాన్ని తిట్టకండి.

పాస్టరుగారు కొత్తవారు, పైగా మంచి ఉద్దేశంతోనే ఉన్నారు. ఆయన్ని బదిలీ చేయించగల మనుషులు ఆ కమిటీలోనే ఉన్నారన్న సంగతి ఆయనకు మీకంటే బాగా తెలుసు. అందుకే ఒంటరిగా ఆయన మీద ఇదంతా మోపకండి. ముందు పాస్టరమ్మగారితో మాట్లాడండి, తర్వాత మరో ఇద్దరు ముగ్గురితో కలిసి వెళ్లండి. సభలకు అనుకున్న డబ్బులో కొంత పెట్టి బయటి చార్టర్డ్ అకౌంటెంటు చేత షాపుల లెక్కలు చూపించమని అడగండి. భస్మ బుధవారం నుంచి నలభై రోజులు ఇళ్ల సందర్శనకు పెట్టమనండి. సభలు ఈస్టరు తర్వాత పెట్టుకోవచ్చు, అప్పటికి కావాలనిపిస్తే.

ఇదంతా ఆయన ఒప్పుకునేదాకా మీరు ఆగక్కర్లేని పని ఒకటుంది. మీ చేతిలో స్త్రీల సమాజం లెక్కలున్నాయి. పెట్టె కానుకలు, పిడికెడు బియ్యం అమ్మగా వచ్చిన డబ్బు, కోత పండుగకు వేసిన స్టాలు, చేబదులు ఇచ్చి రాయకుండా వదిలేసినవి, అన్నీ. వచ్చే కూటంలో ప్రార్థన అయ్యాక వాటిని పైకి చదవండి. తేడా వస్తే వచ్చిందని చెప్పండి. పేటలో ఉన్న పాత సభ్యురాళ్లకూ ఒక కాపీ పంపండి, ఆ పిడికెడు బియ్యంలో వాళ్లదీ ఉంది.